చూపు, ప్రయోజనం: కుమారస్వామి కళావిచారణ

ఆనంద కుమారస్వామి 1917 నుండి 1947లో మరణించేవరకు బోస్టన్ లలితకళల మ్యూజియంలో పనిచేశారు. మ్యూజియం అధికారి అయి ఉండీ, కళావస్తువులను ప్రదర్శించటం ఎందుకని ప్రశ్నించారు. వస్తువు ఏ పనికై తయారయిందో తెలియనిదే దానిని చూచినట్లు కాదని ఆయన సిద్ధాంతం.

దీనికి తగిన పరీక్ష న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని ఇస్ఫహాన్ మిహ్రాబ్. హిజ్రీ 755 (క్రీ.శ. 1354-55)లో ఇమామీ మద్రసా కొరకు ముదురు నీలం, లేత నీలం, తెలుపు పలకల ముక్కలతో కూర్చబడింది, 1939లో మ్యూజియానికి చేరింది. దాని వెలుపలి అంచున తౌబా సూరాలోని 18 నుండి 22 వరకు ఆయతులున్నాయి. అల్లాహ్ మస్జిదులను నిలబెట్టేవారెవరో మొదటి ఆయతు తెలుపుతుంది. నమాజు జరగని గదిలో ఆ ఆయతు నిలిచి ఉంది! రంగుల పొందికను మాత్రమే పొగిడే వివరణ ఈ సంగతిని దాటవేస్తుంది. ఇక్కడ కుమారస్వామి పక్షమే సరైనది.

అయితే ఆయన వాదంలో ఒక లోటు గలదు. అందం జ్ఞానానికి ఆకర్షణ అని ఒప్పుకొంటూనే, కంటికి కలిగే ఆనందాన్ని మరీ చిన్నచూపు చూశారు. ఖిబ్లా తెలుపటానికి సాదా గూడు చాలును. అయినా ఇస్ఫహాన్ పనివారు ముక్కకు ముక్క అతికి అంత శ్రమపడ్డారు. సౌందర్యం అల్లాహ్‌కు ప్రీతికరమని హదీసు బోధిస్తుండగా, ఆ శ్రమను పైమెరుగు అనరాదు. అర్థం తెలియనివానిని ఆ గూడు ముందు నిలిపేది మొదట ఆ నీలమే.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఖుర్ఆన్ వ్రాతప్రతుల ముందు నిలిచే మన పిల్లలను అక్షరాల అందాన్ని తనివితీరా చూడనివ్వాలి. ఆపైన ఆ అక్షరాలు ఏమి చెబుతున్నవో చదివి వినిపించాలి. రెండవది జరగనప్పుడు మన ఇళ్ళలోని ఖుర్ఆన్ కూడ ప్రదర్శనవస్తువే అవుతుంది.