బెత్తెడు గీత

నరసరావుపేట సందులో గేటు ఒరుసుకుని మా తెల్ల అంబాసిడర్ తలుపు మీద బెత్తెడు గీత పడింది. తలుపు మొత్తానికీ రంగు కొట్టించెయ్యమన్నవాళ్లే అందరూ. పెయింటరు మాత్రం గీతను గోటితో తడిమి, "రేకు దాకా పోలేదు మాస్టారూ, ఉన్నంత మేరకే చేద్దాం" అన్నాడు. నాకు ఆ మాటతోనే సగం నమ్మకం కుదిరింది.

2014లో తయారీ ఆగిపోయిన బండి. డబ్బాలోని తెలుపు దీనికి అతకదు. బండి తెలుపు ఎండకు మాగి మీగడ రంగుకు తిరిగింది. ఆయన ముందు రబ్బింగ్ కాంపౌండుతో చిన్న జాగా రుద్ది, మాసిన పొర కింద ఉన్న అసలు రంగు చూశాడు. తెలుపులో పసుపు ఒక చుక్క, నలుపు పుల్లతో ముంచినంత. కలిపింది రేకుముక్క మీద పూసి, ఆరేదాకా ఆగి, ఎండలోకి తెచ్చి తలుపు పక్కన పెట్టాడు. తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కలిపాడు. నాలుగోసారికి గానీ ఒప్పుకోలేదు.

మిగతాది ఓపిక. తడిపిన వాటర్ పేపరుతో గీత అంచుల్ని చేతికి తగలనంతగా దించడం, పల్చగా పుట్టీ, ప్రైమరు. రాయి తగిలి లేచిన చుక్కలకైతే బ్రష్షు కూడా కాదు, అగరుబత్తి పుల్ల! ముసురు పడితే పని ముట్టడు. గాలిలో తేమకు లక్కరు పెయింటు తెల్లగా పాలిపోతుందట. స్ప్రేకి ముందు దుమ్ము లేవకుండా నేలంతా నీళ్లు చల్లాడు.

చివర 2000 నంబరు పేపరు, మెత్తటి గుడ్డ. ఇప్పుడు ఆ గీత ఎక్కడుండేదో నేనే వెతుక్కుంటున్నాను.