సంస్కరణ నుంచి సంప్రదాయానికి: బసవపురాణంలో భక్త–భవి విభజన

12వ శతాబ్దంలో కల్యాణ కటకం కేంద్రంగా బసవేశ్వరుడు నడిపిన ఉద్యమం జన్మ చేత సిద్ధించే అధిక్యాన్నీ, ఆలయ మాధ్యమాన్నీ, యజ్ఞకర్మనూ ఏకకాలంలో ప్రశ్నించింది. ఇష్టలింగం ప్రతి భక్తుని చేతికీ అందింది. కాయకం, అంటే స్వీయశ్రమ, ఆరాధనతో సమానమైంది. ఇటువంటి ఉద్యమం కాలక్రమంలో గురుపరంపర, దీక్షావిధి, మఠవ్యవస్థ గల ప్రత్యేక సంప్రదాయంగా స్థిరపడడాన్ని పతనంగా చూసే ధోరణి మన విమర్శలో ఉంది. పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఈ నిర్ణయాన్ని పునఃపరిశీలించమంటుంది.

ఏడు ఆశ్వాసాల ఈ ద్విపద కావ్యంలో బసవడు నందికేశ్వరుని అవతారం. మండెగ మాదిరాజు, మాదాంబల ఇంట పుట్టిన ఆ బాలుడు ఉపనయనాన్ని నిరాకరించే ఘట్టం కావ్యానికి కీలకం. శివభక్తునికి కర్మదీక్షతో పనిలేదన్నది అతని వాదం. చారిత్రకంగా చూస్తే ఇది ఒక వ్యక్తి చేసిన తిరుగుబాటు. పురాణంలో మాత్రం అది దైవసంకల్పం. అవతారకల్పన ఆ తిరుగుబాటుకు తిరుగులేని ప్రామాణ్యాన్నిచ్చింది. అదే సమయంలో సామాన్యుడు అనుకరించదగిన చర్యను ఆరాధించదగిన లీలగా మార్చింది. సంస్కరణ సంప్రదాయమయ్యే సంధిస్థానం ఇదే.

మడివాలు మాచయ్య కథ ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. మాచయ్య చాకలి. అయితే అతడు శివభక్తుల వస్త్రాలను మాత్రమే ఉతుకుతాడు. ఇక్కడ వృత్తి మారలేదు, వృత్తిని శాసించే నియమం మారింది. ఎవరికి సేవ చేయాలో నిర్ణయించే అధికారం కులవ్యవస్థ చేతినుంచి శ్రామికుని చేతికి వచ్చింది. ఇది సామాన్యమైన విజయం కాదు. కాని ఆ నిర్ణయానికి ఆధారం మానవ సమానత్వం కాదు, భక్తుడు–భవి అన్న భేదం. లింగధారి కానివాడు భవి. అతనితో సంపర్కం వర్జ్యం. పుట్టుకతో గీసిన గీతను చెరిపిన చేయి దీక్షతో మరొక గీత గీసింది.

ఈ రెండవ గీత తొలి గీతతో సమానం కాదు. జన్మను మార్చుకోలేము, దీక్షను స్వీకరించవచ్చు. అయితే దీక్ష తరువాతి తరాలకు వారసత్వంగా సంక్రమించినప్పుడు ఈ వ్యత్యాసం క్షీణిస్తుంది. భక్తుల సంతతి తానే ఒక కులమవుతుంది. తెలుగునేలపై ఈ పరిణామానికి మరో రూపం ఆరాధ్య సంప్రదాయం. మల్లికార్జున పండితారాధ్యుని పరంపరగా చెప్పుకునే ఆరాధ్యులు లింగంతోపాటు యజ్ఞోపవీతాన్నీ ధరిస్తారు. బసవని ఉపనయన నిరాకరణను కీర్తించిన సోమనాథుడే పండితారాధ్య చరిత్రనూ రచించడం గమనార్హం. ఒకే కవి రచనల్లో నిరాకరణ, సమన్వయం పక్కపక్కన నిలిచాయి.

అలాగని సంప్రదాయీకరణను నష్టంగానే లెక్కించలేము. మార్గ కవిత్వానికి భిన్నంగా, జాను తెనుగున, గానయోగ్యమైన ద్విపదలో చెప్పడం వల్లనే చాకలి మాచయ్య, బెజ్జ మహాదేవి, ముగ్ధ సంగయ్య వంటి భక్తులు కావ్యనాయకుల స్థాయిని పొందారు. 1369లో భీమకవి చేసిన అనువాదంతో ఈ కావ్యం కన్నడానికి చేరి, ఉద్యమం పుట్టిన భాషలోనే దాని స్మృతిని బలపరచింది. పరంపర లేకపోతే ఈ కథలు నిలిచేవా అన్నది న్యాయమైన ప్రశ్న.

2018లో కర్ణాటక ప్రభుత్వం లింగాయతులకు ప్రత్యేక మత గుర్తింపును సిఫారసు చేసినప్పుడు, అది హైందవంలోని శాఖా, స్వతంత్ర మతమా అన్న వివాదం మళ్ళీ రేగింది. బసవపురాణం ఆ ప్రశ్నకు తీర్పు చెప్పదు. తాను తెంచుకున్న పురాణ ప్రక్రియనే తన ప్రచార సాధనంగా చేసుకున్న ఉద్యమం, లోపలా వెలుపలా ఏకకాలంలో నిలవగలదని మాత్రం చూపుతుంది. సోమనాథుని సంఘసంస్కర్తగానో మతప్రచారకునిగానో విడదీసి చదివే విమర్శ ఈ ద్వంద్వాన్ని కోల్పోతుంది.