కాళ్ళు లేని పావురం

మారేడుమిల్లిలో బొంగు చికెన్ కాలడానికి టైము పడుతుంది. ఆ తీరికలో మా వదిన, రాజమండ్రిలో కొన్న బొమ్మకి చెమ్మ తగిలిందేమోనని గొట్టంలోంచి తీసి బల్ల మీద పరిచింది. యుద్ధాల్లో నలిగిన పిల్లల్ని ఆదుకునే ఓ శాంతి సంస్థ కోసం వేసిన ప్రింటు అది. నీలాకాశం, తెల్ల పావురం, కింద పెన్సిలుతో 37/100. అంటే నూరు ప్రతులే తీశారు, ఇది ముప్పై ఏడోది. ఇక తియ్యరన్నమాట.

"డబ్బుకి డబ్బు దాచినట్టు, పుణ్యానికి పుణ్యం" అంది వదిన.

బొంగులు తిప్పుతున్న కొండరెడ్ల ఆవిడ తొంగి చూసింది. "బాగుందమ్మగోరూ. పిట్టకి కాళ్ళేయి? వాలకుండా ఎక్కడ మేస్తాది?"

నిజమే! రెక్కలున్నాయి, ముక్కున ఆకురెమ్మ ఉంది, కాళ్ళే లేవు. నేను పేజీలు రాసినా అంతకన్నా పెద్ద విమర్శ చెయ్యలేను.

ఇలాంటి పావురాలన్నిటికీ ఓ మూలపురుషుడున్నాడు. 1949 జనవరిలో పికాసో పారిస్‌లో జింకు రేకు మీద గీసి, యాభై ప్రతులు తీయించిన లిథోగ్రాఫు. నిజానికి అది శాంతి కోసం గీసింది కానే కాదు. మతిస్ ఇచ్చిన పెంపుడు పావురం; నల్లటి చీకట్లో ఒద్దికగా నిలబడి ఉంటుంది. సిరాని పల్చన చేసి ఆ ఈకల మెత్తదనం ఎలా రప్పించాడో చూడాలి. కాళ్ళకి కూడా ఈకలే, గజ్జెలు కట్టినట్టు! ఆ ఏప్రిల్లో జరిగిన శాంతి మహాసభ పోస్టరుకి దాన్ని కవి ఆరగాన్ ఎంచుకున్నాడు, గోడగోడకీ ఎక్కింది. అదే నెలలో పుట్టిన కూతురికి పికాసో పలోమా అని పేరు పెట్టాడు. స్పానిష్‌లో పావురమనే. పావురాలంత క్రూరమైనవి లేవని ఇంట్లో మాత్రం నవ్వేవాడట! ఆ బిడ్డ తల్లి ఫ్రాన్స్వాజ్ జీలో రాసింది.

నంబరు వేసిన ప్రతులు షోకు వస్తువులనీ, శాంతికి పనికొచ్చేది పోస్టరేననీ అందామా? ఆ మాట మన కృష్ణారెడ్డి దగ్గర నిలవదు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, అదే పారిస్‌లో ఒకే రేకు మీద పలురంగులు ఒక్కసారే అద్దే పద్ధతితో పేరు తెచ్చుకున్నాడు. దోసెపిండి జారుగా, గారెపిండి గట్టిగా ఉన్నట్టు, అవిసె నూనెతో ఒక సిరాని పల్చగా, ఒకదాన్ని చిక్కగా ఉంచితే రంగులు కలిసిపోవు. 1968లో అక్కడి విద్యార్థుల ఉద్యమం చూసి 'డెమాన్‌స్ట్రేటర్స్' వేశాడు. అవీ లెక్కపెట్టి తీసిన ప్రతులే. కాని అందులో పావురం లేదు, మనుషులున్నారు. కళ్ళారా చూసి వేసిన బొమ్మ. వదిన బొమ్మ వేసినాయన పావురాన్ని చూడలేదు, పావురం బొమ్మల్ని చూశాడు.

ఇదంతా చెప్తే వదిన ముఖం చిన్నబోయింది. "పోనీ, ఆ డబ్బు పిల్లలకి చేరుతుందిగా?"

"చేరితే అంతకన్నా ఏం కావాలి వదినా. బొమ్మతోనే నా పేచీ."

ఇప్పుడది వాళ్ళ హాల్లో వేలాడుతోంది. వచ్చినవాళ్ళంతా ముందు నంబరే చూస్తున్నారట.