తుంటి కూలకముందే

కొబ్బరి దింపు తీసే మనిషికి తుంటి కీలే పెట్టుబడి. కాళ్లకు బందం వేసుకుని, మోకాళ్లు బయటికి విప్పి, ఒంటి బరువంతా పైకి లాగుతున్న ప్రతిసారీ ఆ కీలు పూర్తిగా మడతపడాలి, తొడ ఎముక తల తన గుంటలో తిరగాలి. ఆ తిరుగుడు కొంచెం తగ్గినా చెట్టు ఎక్కలేడు. నాట్లకు వంగేవాళ్లకూ, విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లకూ అంతే. రక్తం అందక ఆ తల లోపల ఎముక చచ్చిపోయే జబ్బును డాక్టర్లు ఎవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు, వాడుకలో ఏవీఎన్. ముసలితనంలో వచ్చే అరుగుదల కాదిది. ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య, ఇల్లు నడిపే వయసులో పట్టుకుంటుంది. మూలకణాలతో ఆ ఎముకకు మళ్లీ ప్రాణం పోస్తామనే ప్రకటనలు ఇప్పుడు అమలాపురంలోనూ రాజోలులోనూ ఫోన్లలోకే వచ్చి చేరుతున్నాయి. వాటిని కొట్టిపారేయమని నేను చెప్పను. కానీ ఆ చికిత్సలు ఫలిస్తాయా లేదా అన్నది ఎక్కించే కణాల కన్నా జబ్బును ఏ దశలో కనిపెట్టామన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుందని ఇంతవరకు వచ్చిన అధ్యయనాలు చెబుతున్నాయి. మన శ్రద్ధ మాత్రం అక్కడ లేదు.

తొడ ఎముక తలకు రక్తం తెచ్చే సన్నని నాళాలు ఎముక మెడను అంటిపెట్టుకుని పైకి పాకుతాయి. డెల్టాలో శివారు చేను ఎలాంటిదో ఆ తల అలాంటిది, పైన ఎక్కడ అడ్డుపడినా ముందు ఎండేది అదే. చెట్టు మీంచి పడి ఎముక మెడ విరిగినా, తుంటి తొలగినా ఆ నాళాలు తెగిపోవచ్చు. దెబ్బేమీ తగలకుండా వచ్చేదానికి ముఖ్య కారణాలు ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు, విపరీతమైన మద్యం. మన్యంలో కనిపించే సికిల్ సెల్ రక్తహీనత మరో కారణం. చచ్చిన ఎముక వెంటనే విరగదు. శరీరమే దాన్ని బాగు చేయబోతుంది. పాత ఎముకను అంచుల నుంచి తినేసి కొత్తది వేస్తుంది. తినడం ముందు, కట్టడం వెనక కావడంతో మధ్యలో మృదులాస్థి పొరకింద పగులు వస్తుంది, గుండ్రని తల చప్పిడిబడుతుంది. తల ఒకసారి కూలితే మళ్లీ గుండ్రంగా అవడం దాదాపు జరగదు. మనిషికి తెలిసేది గజ్జలో నొప్పి, కొందరికి మోకాలి నొప్పి మాత్రమే. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, ఎమ్మారైలోనే జబ్బు కనబడుతుంది. మోకాలికి ఎక్స్‌రే తీయించి, బాగుందని చెప్పి, నొప్పి మాత్రలతో నెలలు గడిపేసే అవకాశం ఇక్కడే ఉంది.

చికిత్సను దగ్గరగా చూద్దాం. మత్తు ఇచ్చి, నడుం కింద కటి ఎముక అంచులోకి లావుపాటి సూది దించి మూలకణాలుండే మూలుగ లాగుతారు. ఒకేచోట ఎక్కువ లాగితే మూలుగ బదులు మామూలు రక్తం వస్తుంది. అందుకని కొద్ది మిల్లీలీటర్లు లాగడం, సూది కాస్త జరపడం, మళ్లీ లాగడం. ఓపికతో చేయాల్సిన పని. పోగైనదాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలు చిక్కగా ఉన్న పొరను వేరుచేస్తారు. తరవాత ఎక్స్‌రే తెర చూస్తూ తొడ పక్క నుంచి, ఎముక మెడ గుండా, తలలో చచ్చిన భాగం దాకా దారి తొలిచి ఆ పొరను ఎక్కిస్తారు. ఆ తొలిచే పనికి కోర్ డీకంప్రెషన్ అని పేరు. ఫ్రాన్స్‌లో ఫికా, ఆర్లే అనే వైద్యులు ఎముక లోపలి ఒత్తిడి కొలవడానికీ ముక్క తీసి పరీక్షించడానికీ తొలిచినప్పుడు రోగులకు నొప్పి తగ్గడం గమనించి దాన్ని చికిత్సగా మలిచారు. మూలుగ ఎక్కించడంలో పెద్ద పేరు పారిస్ శివారులోని క్రెతైల్‌లో పనిచేసిన ఫిలిప్ ఎర్నిగుది. 2002లో ఆయన 189 తుంటి కీళ్ల ఫలితాలు ప్రచురించాడు. తల కూలకముందు చికిత్స చేసిన 145 కీళ్లలో తరవాత కీలు మార్పిడి అవసరమైనవి 9. కూలాక చేసిన 44లో 25. వైద్యుడు ఒకడే, పద్ధతి ఒకటే, ఫలితంలో ఇంత తేడా. 2018లో ఆయన బృందం స్టెరాయిడ్ల వల్ల రెండు తుంట్లూ చెడిన 125 మంది లెక్క ఇచ్చింది. ఒక పక్క కేవలం తొలిచారు, రెండో పక్క మూలుగ కూడా ఎక్కించారు. 20 నుంచి 30 ఏళ్ల తరవాత చూస్తే మూలుగ లేని పక్క 72 శాతం కూలాయి, ఉన్న పక్క 28 శాతం.

ఇది ఒక చేయి తిరిగిన వైద్యుడి లెక్క, అందరికీ ఇలాగే వస్తుందా అని అడగవచ్చు. అడగాలి కూడా. బెల్జియంలో కూలిన దశలోని తుంట్ల మీద, ఎవరికి కణాలు ఎక్కించారో రోగికీ పరీక్షించేవాళ్లకూ తెలియకుండా చేసిన అధ్యయనంలో మూలుగ వల్ల లాభం కనబడలేదు. అదే దేశానికి చెందిన ఒక కంపెనీ ప్రయోగశాలలో పెంచిన ఎముక కణాలను తొలి దశ రోగుల్లో పరీక్షించింది. ఉత్త డీకంప్రెషన్ కన్నా మెరుగు అని తేలే ఆశ లేదని 2018లో ఆ పరీక్షనే ఆపేశారు. మన దేశంలో రోగి సొంత ఎముక కణాలను పెంచి ఎక్కించే ఇలాంటి ఉత్పత్తికే, ముంబైకి చెందిన రీగ్రో బయోసైన్సెస్ తయారుచేసినదానికి, 2017లో అనుమతి వచ్చింది. బెల్జియం కంపెనీకి కుదరలేదు కాబట్టి ఇక్కడా కుదరదని అనలేం. డీకంప్రెషన్‌తో నేరుగా పోల్చిన ఫలితాలు మాత్రం రోగి ముందు పెట్టాలి. కణాల మీద వాదన ఎటు తేలినా ఒక విషయం మారదు: తొలిచినా, మూలుగ ఎక్కించినా, ఎక్కువగా లాభపడ్డవాళ్లు తల కూలకముందు వచ్చినవాళ్లే. మూలకణాలంటేనే మోసమనే వాదనతోనూ నేను ఏకీభవించను. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రిలో వీరేందర్ సంగ్వాన్ బృందం మంచి కంటి నుంచి మూలకణాలున్న చిన్న ముక్క తీసి దెబ్బతిన్న కంటికి అతికించే సులువైన పద్ధతిని 2012లో ప్రకటించింది. దాని ఫలితాలు ప్రచురించారు, ఇతర దేశాల్లోనూ చేసి చూశారు. ఎముక చికిత్స కూడా ఆ దారిలోనే నడవాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు రక్తవ్యాధులకు చేసే మూలుగ మార్పిడిని మినహాయించి మిగతా మూలకణ చికిత్సలను పరిశోధన పరిధిలోనే ఉంచింది అందుకే.

కీలు మార్పిడి ఉండగా ఈ తిప్పలెందుకు అనేవారూ ఉన్నారు. తల కూలిపోయినవాళ్లకు అదే మంచి దారి. కూలిన తుంటికి కణాలు ఎక్కించుకోవడానికి పొలం తాకట్టు పెట్టడం నాకు బాధ కలిగించే సంగతి. కానీ లాన్సెట్ పత్రిక 2019లో ప్రచురించిన పరిశీలన ప్రకారం 25 ఏళ్లు నిలిచే కృత్రిమ తుంట్లు సుమారు 58 శాతం. ముప్పై అయిదేళ్ల మనిషికి అరవైలో మళ్లీ ఆపరేషన్, అదీ మొదటిదానికన్నా కష్టమైనది, ఎదురవ్వచ్చు. సొంత తలను పది పదిహేనేళ్లు కాపాడినా అది పెద్ద లాభమే. ఇక గజ్జ నొప్పి అన్న ప్రతివాళ్లకూ ఎమ్మారై తీయించే స్తోమత ఎవరికుంది అంటారు. అందరికీ అక్కరలేదు. స్టెరాయిడ్లు వాడినవాళ్లు, బాగా తాగేవాళ్లు, సికిల్ సెల్ ఉన్నవాళ్లు, తుంటి విరిగో తొలగో ఉన్నవాళ్లు, వీళ్లలో కాలు లోపలికి తిప్పితే గజ్జలో నొప్పి వచ్చేవాళ్లకు చాలు. ఒక తుంటిలో జబ్బు బయటపడితే రెండోదాన్నీ తప్పక చూడాలి, చాలామందిలో రెండూ చెడతాయి.

స్టెరాయిడ్ల మాట జాగ్రత్తగా చెప్పాలి. కోవిడ్‌లో అవి ప్రాణాలు నిలిపాయి. 2021లో ముంబై హిందూజా ఆస్పత్రి వైద్యులు ఏవీఎన్ వచ్చిన ముగ్గురు కోవిడ్ రోగుల వివరాలు ప్రచురించారంటే ఆ మందు తప్పని కాదు, వాడిన తరవాత నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదని. డాక్టరు రాసిన స్టెరాయిడ్‌ను ఎవరికి వారు హఠాత్తుగా మానేయడమూ ప్రమాదమే. నా కోపం ఒళ్లు నొప్పులకూ ఆయాసానికీ చీటీ లేకుండా పొట్లంలో కట్టిచ్చే మాత్రల మీద, పేరు చెప్పకుండా చేసే ఇంజెక్షన్ల మీద. ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు అన్నది రోగి చేతిలో రాతపూర్వకంగా ఉంటే, రేపు గజ్జ నొప్పితో కొత్తపేటలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆయనకు ఎమ్మారై ఆలోచన వెంటనే వస్తుంది. అమలాపురంలో కిమ్స్ ఉంది, కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఉంది. ఈ రెండూ కలిసి కోనసీమ ఏవీఎన్ రోగులకు ఒక రిజిస్టరు తెరవాలని నా విన్నపం. కారణం, మొదటి నొప్పి తేదీ, ఎమ్మారై తేదీ, అప్పటి దశ, చేసిన చికిత్స, రెండేళ్లకు తల గుండ్రంగా ఉందో కూలిందో అందులో రాయాలి. మూలకణాల ఆస్పత్రులూ తమ రోగులను అందులో చేర్చి అదే లెక్క చూపించనివ్వండి. ఫలితం బాగుంటే వాటి తరఫున ఈ కాలమ్‌లోనే రాస్తాను.