రాతికి కక్కు, వీల్‌కు వజ్రం

తిరగలి నున్నబడితే పిండి సరిగా పడదు, గింజ నలిగి వేడెక్కుతుందంతే. అందుకే ఒకప్పుడు ఉలీ సుత్తీ పట్టుకొని రాళ్లకు కక్కు కొట్టేవాళ్లు వీధుల్లోకి వచ్చేవారు. విజయవాడ ఆటోనగర్‌లో క్రాంక్‌షాఫ్టులు గ్రైండ్ చేసే షెడ్డులో ఆ పనే మరో రూపంలో కనిపిస్తుంది. ఉలి బదులు వజ్రపు మొన. పని పేరు డ్రెస్సింగ్.

గ్రైండింగ్ వీల్ అంటే రాపిడి గింజలు, వాటిని పట్టి ఉంచే బంధకం, మధ్యమధ్య ఖాళీలు. గింజల మొనలు అరిగితే వీల్ అద్దంలా మెరుస్తుంది, కోయడం మానేసి రుద్దుతుంది. దాని పదును మళ్లీ తేల్చేది వజ్రం.

అసలు కిటుకు ఆ వజ్రం నడకలో ఉంది. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే వీల్ మీద దాన్ని అడ్డంగా నిమిషానికి 300 మిల్లీమీటర్ల చొప్పున నడిపితే, చుట్టుకు 0.2 మి.మీ. ఎడంతో బోల్టు మరలాగా సన్నటి గాడి పడుతుంది. అలాంటి వీల్ చకచకా కోస్తుంది, కానీ ఆ గరుకు జాబ్ మీదా, అంటే గ్రైండ్ చేసే వస్తువు మీదా, తేలుతుంది. నడక 75కి తగ్గిస్తే ఎడం 0.05కి దిగుతుంది, జాబ్ నున్నగా వస్తుంది. వీల్ అదే, గ్రిట్ (గింజ సైజు) అదే!

అలాగని మరీ నెమ్మదిగా లాగితే వీల్ మొద్దుబారే తయారవుతుంది. రాపిడికి వేడి పుట్టి, గట్టిపరచిన ఉక్కు మీద గోధుమ, నీలి మచ్చలు లేస్తాయి. వీల్‌ను ఇంకా లోపలికి నెట్టకుండా రవ్వలు ఆగేదాకా తిప్పే చివరి స్పార్క్-అవుట్ పాసుల్లో ఆ రంగు చెరిగిపోవచ్చు, కింద మెత్తబడ్డ పొర మాత్రం ఉండిపోతుంది. మెరుపు చూసి మార్కులేసే కస్టమర్ మోసపోయేది ఇక్కడే.

ఒక షెడ్డులో ఇలాగే క్రాంక్‌షాఫ్టు జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) మీద మచ్చలు లేచాయి. కుర్రాడు కూలెంట్ సరిగా రావడం లేదన్నాడు. మేస్త్రి వినిపించుకోలేదు. “ముందు వజ్రం చూడరా” అంటూ హోల్డర్ ఊడదీశాడు. మొన అరిగి చదునైపోయింది. హోల్డర్‌ను పావు చుట్టు తిప్పి, వీల్ తిరిగే వైపుకు పది పదిహేను డిగ్రీలు వాల్చి బిగించాడు. ముందే కూలెంట్ వదిలాడు, కాగిన వజ్రం మీద నీళ్లు పడితే పగులుతుంది మరి. ఒక్కో పాసుకు 0.01 మి.మీ. మించకుండా రెండు మూడుసార్లు నడిపాడు.

తర్వాతి జర్నల్ మీద మచ్చ లేదు. కుర్రాడు మాత్రం ఇంకా కూలెంట్ పైపే కడుగుతున్నాడు.