సగటును నమ్ముటకు ముందు

సాంఖ్యకశాస్త్రములో అడుగిడిన విద్యార్థికి కొద్దిదినములలోనే ఇట్టి లెక్క యొకటి ఎదురగును: "ఒక సమష్టి సగటు 50, క్రమవిచలనము 10. దానినుండి 25 అంశములుగల నమూనాను యాదృచ్ఛికముగా తీసినచో, నమూనా సగటు 54 కంటె అధికమగుటకు సంభావ్యత యెంత?" విద్యార్థి 10ని 25 యొక్క వర్గమూలమగు 5చే భాగించి 2 తెచ్చును. ఇదియే నమూనా సగటు యొక్క ప్రామాణిక దోషము. 54కును 50కిని గల భేదము 4. అది ప్రామాణిక దోషమునకు రెండురెట్లు. సామాన్య విభాజన పట్టికను తెరచి 0.0228 అని వ్రాయును. జవాబు సరియైనదే, పూర్తి మార్కులు వచ్చును.

కాని యింతమాత్రముచేత ఆ విద్యార్థికి నమూనా సగటు అనగానేమో తెలిసినదని చెప్పగలమా? చెప్పలేమని నా అభిప్రాయము. సాధారణముగా పాఠ్యగ్రంథములలో ఈ అధ్యాయమునందు తప్పులుండవు. అయితే ముఖ్యమైన దానిని ఒక్క మాటలో దాటివేయుట కలదు. ఆ మాట "యాదృచ్ఛికముగా" అనునది.

ముందుగా సూత్రము చెప్పు విషయమును స్పష్టపరచుకొందము. ఒక పాచికను వేసినపుడు 1 మొదలు 6 వరకు ప్రతి అంకెకును సమానావకాశము కలదు. వాని సగటు 3.5; క్రమవిచలనము సుమారు 1.71. నాలుగు పాచికలు వేసి సగటు కట్టి, ఆ పనినే పలుమార్లు చేసినచో, ఆ సగటుల క్రమవిచలనము అందులో సగము, అనగా 0.85 అగును. పదునారు పాచికలైనచో నాలుగవ వంతు, 0.43. ఈ సగటులను రేఖాపటముగా గీసినచో నడుమ ఉబ్బి ఇరువైపుల వాలు గంట ఆకారము క్రమముగా ఏర్పడును.

ఇచ్చట గమనింపవలసినదేమన, గంట ఆకారము సగటులకు వచ్చినదే గాని పాచికకు రాలేదు. పాచిక 1ని, 6ను మునుపటివలెనే సమానముగా చూపుచుండును. "నమూనా పెద్దదైనచో దత్తాంశములు సామాన్య విభాజనమును పొందును" అని సమాధానపత్రములలో వ్రాయు విద్యార్థులు ఈ భేదమును విడిచివేయుచున్నారు. "30 దాటినచో చాలును" అను వాడుక నియమము కూడ ఇట్టి గుడ్డినమ్మకముగానే మారినది. ఆదాయములవలె ఒకవైపునకు బాగుగ ఒరిగిన సమష్టికి 30 చాలకపోవచ్చును. సమష్టియే గంట ఆకారమున నున్నచో నలుగురి సగటు కూడ ఆ ఆకారమునే అనుసరించును.

మరియొక చిక్కు. లెక్కలో క్రమవిచలనము 10 అని ముందే యిచ్చిరి. నిజమైన పరిశోధనలో దానిని మనకిచ్చువారెవరు? చేతనున్న కొద్దిపాటి నమూనా నుండియే దానిని కూడ అంచనా వేసికొనవలెను. ఈ చిక్కును విప్పినవాడు డబ్లిన్ నగరములోని గిన్నెస్ బీరు తయారీ సంస్థలో పనిచేసిన విలియం సీలీ గాసెట్. ఆయన 1908లో "స్టూడెంట్" అను మారుపేరుతో "బయోమెట్రికా" పత్రికలో ప్రకటించిన వ్యాసము ప్రసిద్ధము. క్రమవిచలనమును నమూనా నుండియే తీసికొన్నచో సామాన్య విభాజన పట్టిక చిన్న నమూనాలకు చాలదని ఆయన చూపెను. నూటికి 95 పాళ్ల హద్దులకు సామాన్య విభాజనము 1.96 అను అంకెనిచ్చును. ఐదు అంశముల నమూనాకు దాని స్థానమున 2.78 వాడవలెను. ముప్పది అంశములైనచో అది 2.05కు దిగును, అప్పుడు భేదము స్వల్పము.

ఆ వ్యాసములోని గణితముకంటె నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఆయన చేసిన యొక చిన్నపని. మూడువేలమంది నేరస్థుల ఎత్తులను, ఎడమచేతి నడిమివ్రేలి పొడవులను 3000 అట్టముక్కలపై వ్రాసి, వానిని బాగుగ కలిపి, వరుసగా తీసి, నాలుగేసి చొప్పున 750 నమూనాలు చేసెను. తన సిద్ధాంతమును వానితో సరిచూచుకొనెను. "బాగుగ కలుపుట" అను ఆ మోటుపనియే సూత్రమునకు ప్రాణము. ఈ సంగతి ఇరువది మూడేండ్ల తరువాత ఆయనయే వ్రాసిన మరియొక వ్యాసమువలన స్పష్టపడును.

1930లో స్కాట్లండులోని లనార్క్‌షైర్‌లో 67 పాఠశాలలలో ఒక గొప్ప ప్రయోగము జరిగెను. పదివేలమంది పిల్లలకు నాలుగు మాసములపాటు దినమునకు ముప్పాతిక పైంటు, అనగా సుమారు 425 మిల్లీలీటర్లు, పాలు ఇచ్చిరి. ఇంకొక పదివేలమందికి పాలు ఈయక, పోలికకొరకు ఉంచిరి. అందరి బరువును, ఎత్తును మొదటను చివరను కొలిచిరి. ఇరువదివేలమంది! నమూనా పెద్దదై యుండవలెనను నియమమునకు ఇంతకంటె విధేయత ఉండదు.

పిల్లల ఎన్నిక ఉపాధ్యాయుల చేతిలో నుండెను. కొన్నియెడల చీట్లు వేసి, కొన్నియెడల పేర్ల అక్షరక్రమమునుబట్టి ఎన్నిరి. ఇంతవరకు బాగుగనే యున్నది. అయితే ఏ గుంపులోనైన పుష్టిగలవారు గాని, బక్కచిక్కినవారు గాని ఎక్కువైనట్లు తోచినచో, కొందరిని మార్చి సరిచేయుటకు అనుమతి ఉండెను. ఫలితమేమన, ప్రయోగారంభముననే పాలు లేని గుంపు, పాలుగల గుంపుకంటె బరువులో సుమారు మూడు మాసముల పెరుగుదలంత, ఎత్తులో నాలుగు మాసముల పెరుగుదలంత ముందుండెను. ఉపాధ్యాయులు తెలియకయే పేదపిల్లలవైపు మొగ్గియుందురని స్టూడెంట్ 1931లో తన విమర్శలో ఊహించెను. ఎదుట నిలిచిన బక్కపిల్లవానికి పాలు దక్కనిమ్మని ఏ ఉపాధ్యాయుని మనసు కోరదు? దయ మంచిదే. లెక్క మాత్రము చెడినది.

ఎంత చెడినదో అంకెలలో చూతము. పిల్లల బరువుల క్రమవిచలనము 5 కిలోలనుకొందము. పదివేలమంది సగటుకు ప్రామాణిక దోషము 5ను 100చే భాగించగా వచ్చు 0.05 కిలో. రెండు గుంపుల సగటుల భేదమునకు అది సుమారు 0.07 కిలో. మూడు మాసముల పెరుగుదల అరకిలో అనుకొన్నచో, ఎన్నికవలన కలిగిన భేదము ప్రామాణిక దోషమునకు ఏడురెట్లు! పిల్లలసంఖ్యను నాలుగురెట్లు చేసినచో ప్రామాణిక దోషము సగమగును గాని, ఆ అరకిలో కదలదు. యాదృచ్ఛికముగా కలుగు తప్పును మాత్రమే వర్గమూలము తగ్గించును. పక్షపాతముపై దానికి అధికారము లేదు. పైగా నమూనా పెద్దదైనకొలది, తప్పు జవాబును మరింత ధైర్యముతో చెప్పుదుము.

స్టూడెంట్ ఇంకొక సూక్ష్మమును పట్టెను. పిల్లలను బట్టలతోనే తూచిరి. మొదట చలికాలమున, పిదప వేసవి ఆరంభమున. చలికాలమున కలవారి పిల్లలు దళసరి బట్టలు వేసికొందురు. వేసవికి అవి తీసివేయుదురు. పేదపిల్లలకు తీసివేయుటకు అంతగా ఉండవు. కావున పాలులేని గుంపు బరువులో కొంత వెనుకబడినట్లు కనబడుటకు బట్టలే కారణము కావచ్చును. ఇట్టి సంగతి ఏ పట్టికలోను దొరకదు. తూనిక జరుగు గదిని కన్నులార ఊహించుకొన్నవానికే తట్టును.

ఈ వ్యాసమును ఆదర్శవిమర్శయని నేను తలచుటకు కారణము, అది తప్పు చూపి ఊరకుండకపోవుటయే. ఒకే వయసు, ఒకే లింగము, ఇంచుమించు ఒకే తీరుగల పిల్లలను జతపరచి, ఎవరికి పాలో నాణెమును ఎగురవేసి నిర్ణయింపుమని ఆయన సూచించెను. ఒకే పోలికగల కవలలు 50 జతలతో ఇంతకంటె నమ్మదగిన ఫలితము స్వల్పవ్యయముతో దొరకునని కూడ చెప్పెను. ఈ రెండవ సూచనకు ఒక పరిమితి కలదు: కవలలు పిల్లలందరికిని ప్రతినిధులని చెప్పలేము. పోలికలో లాభము, విస్తృతిలో నష్టము. అయినను ఇరువదివేలకంటె నూరుగురు మేలని చెప్పగలుగుట, "సంఖ్య పెద్దదైన చాలు" నను భ్రమకు తగిన సమాధానము.

ఇది తరగతిలో చూపుట సులభము. నలువదిమంది విద్యార్థుల ఎత్తులను చీటీలపై వ్రాయించి కుండలో వేయుడు. బాగుగ కలిపి ఒక్కొక్క చీటీ తీసి, వ్రాసికొని, తిరిగి వేయుచు, నాలుగేసి ఎత్తుల సగటులు యాబది కట్టుడు. అవి తరగతి సగటు చుట్టును గుమిగూడును. వాని క్రమవిచలనము ఎత్తుల క్రమవిచలనములో ఇంచుమించు సగముండును. పిదప ముందు రెండు బల్లలవారి సగటు తీయుడు. పొట్టివారిని ముందు కూర్చుండబెట్టు అలవాటున్న తరగతిలో ఆ సగటు తక్కువగా వచ్చును. మూడవ బల్లను చేర్చుడు. నమూనా పెరిగినది, తప్పు పూర్తిగా పోలేదు. లనార్క్‌షైర్ కథ అంతయు ఆ బల్లలమీదనే కనబడును.

పట్టికలు వలదని నేననుట లేదు. 0.0228 తెచ్చుట విద్యార్థి నేర్వవలసినదే. ఆ లెక్కకు చివర ఒక్క ప్రశ్న చేర్చి, దానికిని మార్కులు కేటాయింపవలెనని మాత్రమే ఉపాధ్యాయులకు నా మనవి: "ఈ 25 అంశములను ఎవరు, ఎట్లు ఎన్నిరి?"