అందమైన గీత చాలదు

సన్నని వాహకంలో ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని లెక్కగట్టాలంటే నేను ముందుగా చూసేది మూడు పొడవులు. మలినాన్నో, స్ఫటికపు కంపనాన్నో గుద్దుకుని ద్రవ్యవేగం పోగొట్టుకునేలోపు ఎలక్ట్రాన్ వెళ్ళే దూరం ఒకటి. తోటి ఎలక్ట్రాన్‌ను ఢీకొనేలోపు వెళ్ళేది రెండోది. దారి వెడల్పు మూడోది. మామూలు రాగి తీగలో మొదటిదాని మాటే చెల్లుతుంది, ఓం నియమంతో పని అయిపోతుంది. రెండోది వెడల్పు కన్నా బాగా చిన్నదై, మొదటిది బాగా పెద్దదైతే కథ మారుతుంది. ఎలక్ట్రాన్లు పంటకాలువ నీళ్ళలా గట్టు పక్కన నెమ్మదిగా, నడిమధ్యన జోరుగా సాగుతాయి.

ఇలాంటి స్థితిలో వేడి పెరిగితే నిరోధం తగ్గవచ్చని 1963లో భౌతిక శాస్త్రవేత్త గుర్జీ చెప్పాడు. బడిలో నేర్చుకున్నదానికి ఇది పూర్తిగా ఎదురు. ఎలక్ట్రాన్లు తమలో తాము ఎంత ఢీకొన్నా మొత్తం ద్రవ్యవేగం ఎక్కడికీ పోదు. వేడికి ఆ ఢీలు పెరిగేకొద్దీ స్నిగ్ధత మాత్రం తగ్గి ప్రవాహం సులువవుతుంది. ఎంత చక్కని ఆలోచన! గాలియం ఆర్సెనైడ్ తీగల్లో దాని జాడ 1990లలో దొరికింది, 2016 నుంచి గ్రాఫీన్‌లో వెతుకులాట ఊపందుకుంది.

మోడలింగ్‌లో అసలు చిక్కు ఇక్కడే. నావియర్–స్టోక్స్ తరహా సమీకరణం రాసి, అంచు దగ్గర వేగం సున్నా అనుకుంటే దారికి అడ్డంగా వేగపు గీత పారబోలాగా వస్తుంది. ఆ సున్నా మన ఊహే, గ్రాఫీన్ అంచు ఎంత గరుకో మనకు ముందే చెప్పదు. పైగా ఎలక్ట్రాన్ల పరస్పర ఢీలు అసలే లేకుండా, గరుకు అంచులతో బోల్ట్స్‌మన్ సమీకరణాన్ని సాధించినా మధ్యలో ఉబ్బిన గీతే వస్తుంది. కాబట్టి కొలతల మీద గీత చక్కగా కూర్చుందని సంబరపడే మోడల్‌ను నేను నమ్మను. రెండు వివరణలూ ఎక్కడ విడిపోతాయో చూపించాలి.

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ బృందం 2019లో చేసింది అదే. స్వల్ప అయస్కాంత క్షేత్రం పెట్టి, దానివల్ల గ్రాఫీన్ దారికి అడ్డంగా పుట్టే హాల్ విద్యుత్ క్షేత్రాన్ని చోటుచోటునా కొలిచారు. ద్రవంలా పారితే ఆ క్షేత్రపు వంపు ఒకవైపు, ఢీకొనకుండా దూసుకుపోతే మరోవైపు. ఆ కొలతను ఎంచుకోవడంలోనే మోడల్ పనితనమంతా ఉంది.

అదే సంస్థలో 2022లో టంగ్‌స్టన్ డైటెల్యూరైడ్‌లో ఎలక్ట్రాన్ సుడులు కనిపించాయి. సుడి కంటే గట్టి సాక్ష్యం ఏముంటుందనిపిస్తుంది. కానీ అక్కడ పరిశోధకులు చూపిన కారణం పరస్పర ఢీలు కావు. స్ఫటికపు ఉపరితలాలకు తగిలి ఎలక్ట్రాన్లు కొద్దికొద్దిగా దిశ మార్చుకోవడం.